క్షేత్రగణిత కవి పావులూరి మల్లన

ఉద్దేశం

తెలుగు సాహిత్యం అనగానే పురాణాలు, ప్రబంధాలు, శతకాలు మనకు స్ఫురిస్తాయి. కథ చెప్పడానికే గాక లెక్క చెప్పడానికి కూడా తెలుగు పద్యం ఉపకరించిందన్న సంగతి చాలామందికి తెలియదు. తెలుగులో తొలి గణితగ్రంథాన్ని రచించిన పావులూరి మల్లన జీవితాన్ని, కృషిని పరిచయం చేయడం, ఆయన చెప్పిన క్షేత్రగణితానికీ నేటి కంప్యూటర్ విద్యకూ గల సంబంధాన్ని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

తెనాలి నుండి రేపల్లె వరకు, అటు బాపట్ల వరకు గల పల్లెల్లో ఏ పొలంగట్టు మీద నిలబడి చూచినా ఒక విషయం కంటికి కనబడుతుంది. ఏ రెండు పొలాలూ ఒకే ఆకారంలో ఉండవు. కాలువ వంపు తిరిగిన చోట గట్టు కూడా వంపు తిరుగుతుంది. అన్నదమ్ములు పంచుకొన్న చోట నాలుగు మూలల చేను రెండు ముక్కలై, ఒక్కొక్క ముక్క ఒక్కొక్క తీరున మిగులుతుంది. ఇటువంటి నేల విస్తీర్ణం ఎంత? ఎన్ని విత్తనాలు చల్లాలి, ఎంత శిస్తు చెల్లించాలి, ఎవరి వాటా ఎంత అనే ప్రశ్నలన్నీ ఈ ఒక్క ప్రశ్న మీదనే ఆధారపడి ఉన్నాయి. సమాధానం తప్పితే నష్టపోయేది లెక్క వేసినవాడు కాదు, నేలను దున్నినవాడు. ఈ ప్రశ్నకు తెలుగు పద్యంలో సమాధానం చెప్పడానికి పూనుకొన్న తొలి కవి పావులూరి మల్లన.

బాపట్లకు పడమరగా, ఇంకొల్లు సమీపాన పావులూరు అనే గ్రామం ఉన్నది. ప్రాచీనకాలంలో ఈ ప్రాంతాన్ని కమ్మనాడు అనేవారు. తాను కమ్మనాటిలోని పావులూరికి విభుడనని మల్లన తన గ్రంథంలో చెప్పుకొన్నాడు. ఆయన ఆ ఊరి కరణమని సంప్రదాయం చెబుతున్నది. తండ్రి శివన్న, తల్లి గౌరమ్మ. తాతగారి పేరు కూడా మల్లనయే. ఆ తాతకు తూర్పు చాళుక్య ప్రభువైన రాజరాజనరేంద్రుడు పిఠాపురం చేరువలోని నవఖండవాడ అనే గ్రామాన్ని దానమిచ్చినట్లు గ్రంథం వల్ల తెలుస్తున్నది.

తాతా మనుమలిద్దరికీ ఒకే పేరుండటం వల్ల సాహిత్య చరిత్రకారుల్లో భేదాభిప్రాయాలు కలిగాయి. రాజరాజనరేంద్రుని ఆదరం పొందిన తాతయే గణితకవి అని కొందరు భావించారు. మనుమడే గ్రంథకర్త అని ఎక్కువమంది అంగీకరించారు. మొదటి అభిప్రాయం ప్రకారం మల్లన నన్నయభట్టుకు సమకాలికుడు. రెండవదాని ప్రకారం ఆయన 11వ శతాబ్ది చివరి భాగంలోను, 12వ శతాబ్ది తొలినాళ్లలోను జీవించి ఉండాలి. ఎటు చూచినా ఒక విషయం నిర్వివాదం. ఆంధ్రమహాభారతం తెలుగు కావ్యభాషకు రూపం ఇచ్చిన రోజులకు దగ్గరగానే తెలుగు శాస్త్రభాషకు కూడా పునాది పడినది. ఒకటి రాజాస్థానంలో పుట్టి లోకప్రసిద్ధి పొందినది. మరొకటి కరణాల ఇళ్లలో తాటాకుల మీద బ్రతికినది.

మల్లన తన రచనకు మూలంగా గ్రహించిన గ్రంథం గణితసారసంగ్రహం. దీనిని సంస్కృతంలో రచించినవాడు మహావీరాచార్యుడు. ఆయన జైనుడు. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో వర్ధిల్లాడు. అప్పటివరకు భారతదేశంలో గణితం సాధారణంగా జ్యోతిషగ్రంథాలలో ఒక అధ్యాయంగానే ఉండేది. ఆర్యభటుడు, బ్రహ్మగుప్తుడు వంటి మహనీయులు కూడా గ్రహగతుల నడుమనే గణితం చెప్పారు. మహావీరుడు ఖగోళాన్ని ప్రక్కన ఉంచి గణితానికే ఒక పూర్తి గ్రంథాన్ని కేటాయించాడు. గుణకారం మొదలైన పరికర్మలు, భిన్నాలు, త్రైరాశికం, వడ్డీ లెక్కలు, క్షేత్రాలు, గోతులు, నీడలు అందులో వరుసగా వస్తాయి.

మల్లన ఈ గ్రంథాన్ని సారసంగ్రహ గణితం అనే పేరుతో తెలుగు చేశాడు. లోకం దానిని పావులూరి గణితం అని పిలిచినది. ఆయన చేసినది మాటకు మాట అనువాదం కాదు. మల్లన శివభక్తుడు. మూలంలోని జినస్తుతుల స్థానంలో శివస్తుతులను, జినాలయాల స్థానంలో శివాలయాలను ప్రవేశపెట్టాడు. ఒక సంఖ్యను వర్గం చేయడానికి, ఘనం చేయడానికి మూలగ్రంథం అనేక మార్గాలు చెప్పగా, మల్లన ఒక్కొక్క మార్గాన్నే గ్రహించాడు. నేర్చుకొనేవానికి ఏది ఉపయోగమో దానిని ఉంచి, తక్కినదానిని విడిచాడు. కొలతలను తెలుగువారి వాడుకకు అనుగుణంగా మార్చాడు. ఈ మార్పులను గమనిస్తే ఆయన పండితులను మెప్పించడానికి గాక, ఊళ్లో లెక్క వ్రాసేవానికి నేర్పడానికే గంటం పట్టాడని బోధపడుతుంది.

అయితే ఉపయోగమే ఆయన లక్ష్యమనుకొని ఆయనలోని కవిని మరచిపోరాదు. సంఖ్యలతో వినోదించడం మల్లనకు ఎంతో ఇష్టం. 12345679 ని 9 చేత గుణిస్తే 111111111 వస్తుంది. 152207 ని 73 చేత గుణిస్తే 11111111 వస్తుంది. 139 ని 109 చేత గుణిస్తే 15151 వస్తుంది. ఎటునుండి చదివినా ఒకే రీతిగా ఉండే ఇటువంటి లబ్ధాలను మహావీరుడు కంఠాభరణాలతో పోల్చాడు. హారంలో ఇరుప్రక్కలా సమానంగా కూర్చిన రత్నాల వలె అంకెలు అమరుతాయి గనుక ఆ పోలిక ఎంతో ఉచితం. మూలంలో ఉన్న ఇటువంటి లెక్కలు కొన్నే. మల్లన తన గ్రంథంలో వాటికి మరెన్నో చేర్చాడు.

చదరంగపు గళ్ల లెక్క కూడా మల్లన పేర పండితలోకంలో ప్రసిద్ధమైనది. చదరంగంలో 64 గళ్లున్నాయి. మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవ గడిలో నాలుగు, ఈ విధంగా రెట్టింపు చేస్తూ పోతే మొత్తం ఎన్ని గింజలవుతాయి? సమాధానం 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల ఈ సంఖ్యను ఒక్క చంపకమాలలో ఇమిడ్చారు. ఇందుకు భూతసంఖ్యా పద్ధతి తోడ్పడినది. ఈ పద్ధతిలో చంద్రుడు అంటే 1, వేదాలు అంటే 4, మన్మథుని శరాలు అంటే 5, ఆకాశం అంటే 0. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి పదాలను వరుసగా పేరుస్తారు. కాగితం అరుదైన కాలంలో, తాటాకు మీద ఒక అంకె చెరిగినా లెక్కంతా చెడిపోయే కాలంలో, ఛందస్సు ఆ సంఖ్యకు కాపలా కాచినది. ఒక్క అక్షరం తప్పినా గణం తప్పుతుంది, చదివేవాని చెవికి వెంటనే తెలిసిపోతుంది. నేటి 64 బిట్ల కంప్యూటర్ ఒక్క గడిలో భద్రపరచగల అతి పెద్ద ధన పూర్ణసంఖ్య కూడా సరిగ్గా ఇదే కావడం విశేషం.

ఇక మన పాఠానికి ముఖ్యమైనది క్షేత్రగణితం. క్షేత్రం అంటే పొలం, రేఖల చేత చుట్టబడిన ఆకారం అని కూడా అర్థం. ఒకే మాటకు ఈ రెండర్థాలు ఉండటం యాదృచ్ఛికం కాదు. మన జ్యామితి పొలంలోనే పుట్టినది. మహావీరుని సంప్రదాయంలో వైశాల్యాలు కనుగొనడానికి రెండు మార్గాలున్నాయి. ఒకటి స్థూలం, రెండవది సూక్ష్మం. త్వరగా తేల్చవలసిన చోట స్థూలగణితం, తగవు రాకుండా తేల్చవలసిన చోట సూక్ష్మగణితం అవసరమవుతాయి.

వృత్తాన్ని ఉదాహరణగా తీసుకొందాము. 14 మూరల వ్యాసం గల గుండ్రని నేల ఉన్నదనుకొందాము. స్థూలగణితంలో వ్యాసానికి మూడు రెట్లు పరిధి. ఆ ప్రకారం వైశాల్యం 147 చదరపు మూరలు. సూక్ష్మగణితంలో మూడుకు బదులు 10 యొక్క వర్గమూలాన్ని వాడతారు. అప్పుడు వైశాల్యం దాదాపు 155. నేడు మనకు తెలిసిన పై విలువతో లెక్కిస్తే దాదాపు 154. స్థూలంలో ఏడు మూరల లోటు ఉండగా, సూక్ష్మంలో ఒక్క మూర హెచ్చు మాత్రమే ఉన్నది.

నాలుగు భుజాల పొలం విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. స్థూలగణితం ఎదురెదురు భుజాల సగటులను రెండింటినీ గుణించమంటుంది. నాలుగు ప్రక్కలా 13 బారలున్న పొలానికి ఈ పద్ధతిలో 169 చదరపు బారలు వస్తాయి. పొలం చతురస్రమైతే ఇది సరియైనదే. కాని ఆ పొలం ఒక ప్రక్కకు ఒరిగి, ఎదురెదురు మూలల మధ్య దూరాలు 24 బారలు, 10 బారలు అయినవనుకొందాము. భుజాలు మారలేదు. కాని వైశాల్యం 120 చదరపు బారలే. 169 కి శిస్తు కట్టిన రైతు లేని నేల 49 చదరపు బారలకు కూడా కట్టినట్లే. బ్రహ్మగుప్తుని నాటి నుండి ప్రసిద్ధమైన సూక్ష్మసూత్రం కూడా, నాలుగు మూలలూ ఒకే వృత్తం మీద ఉండే పొలానికే సరిపోతుంది. ఒరిగిన పొలానికి దానిని వాడితే మరల 169 అనే వస్తుంది. కేవలం భుజాలు తెలిసినంత మాత్రాన చతుర్భుజం నిశ్చయం కాదనీ, కర్ణం కూడా తెలియాలనీ 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన లీలావతిలో గట్టిగా హెచ్చరించాడు.

ఈ చిక్కుకు పరిష్కారం సులభమైనదే. కర్ణం వెంట ఒక త్రాడు లాగాలి. నాలుగు మూలల పొలం రెండు త్రిభుజాలవుతుంది. 13, 13, 10 బారల భుజాలు గల త్రిభుజానికి వైశాల్యం 60. అటువంటివి రెండు గనుక మొత్తం 120. త్రిభుజానికి మాత్రం మూడు భుజాలూ తెలిస్తే చాలును. అది ఇటూ అటూ ఒరగదు. కావుననే ఎన్ని మూలలున్న పొలాన్నైనా త్రిభుజాలుగా విడదీసి కొలిస్తే అన్యాయం జరగదు.

మల్లన గ్రంథం తెలుగునాట అనేక శతాబ్దాలు నిలిచినది. కరణీకం నేర్చుకొనేవారు దీనిలోని పద్యాలను వల్లె వేసేవారు. మల్లన వేసిన బాటలోనే తరువాతి కాలంలో ఎలుగంటి పెద్దన లీలావతిని ప్రకీర్ణ గణితంగా తెలుగు చేశాడు. 1912లో మహావీరుని సంస్కృత గ్రంథాన్ని ఆంగ్లానువాదంతో మద్రాసులో ప్రకటించిన ఆచార్య ఎం. రంగాచార్య, ఆ గ్రంథం దక్షిణదేశంలో పొందిన ప్రచారానికి మల్లన తెలుగు సేతనే సాక్ష్యంగా చూపాడు. మహాపండితుడు వేటూరి ప్రభాకరశాస్త్రి పరిష్కరించిన పావులూరి గణితం మొదటి భాగం ఆయన మరణానంతరం 1952లో తిరుపతిలో అచ్చయినది. తొమ్మిది వందల ఏండ్లకు పూర్వం ఒక గ్రామంలో రచించిన లెక్కల పుస్తకం మనదాకా వచ్చినదంటే, దానిని మరల మరల ఎత్తి వ్రాసుకొన్న పేరు తెలియని వ్రాయసగాండ్రకు కూడా మనం ఋణపడి ఉన్నాము.

1984లో ఆంధ్రప్రదేశ్‌లో గ్రామకరణాల వ్యవస్థ రద్దయినది. మల్లన పద్యాలు వల్లె వేసే అవసరం అంతకు ఎంతో ముందే తీరిపోయినది. అయినా ఆయన ఎదుర్కొన్న ప్రశ్న మాత్రం తీరలేదు. అది కొత్త వేషం ధరించి విశ్వవిద్యాలయంలో ప్రవేశించినది. దానిని నేడు కంప్యూటేషనల్ జామెట్రీ అంటారు. తెలుగులో గణన జ్యామితి అనవచ్చును. 1978లో మైకేల్ షామోస్ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో సమర్పించిన సిద్ధాంతగ్రంథంతో ఈ శాస్త్రానికి ఒక స్పష్టమైన రూపం ఏర్పడినది. బిందువులు, రేఖలు, బహుభుజులు ఇచ్చినప్పుడు కంప్యూటర్ అతి తక్కువ అడుగుల్లో సమాధానం ఎలా కనుగొనాలి అనేది దాని విచారణ.

ఈ శాస్త్రం చదివే విద్యార్థి తొలినాళ్లలోనే నేర్చుకొనే విషయాలలో బహుభుజిని త్రిభుజాలుగా విడదీయడం ఒకటి. గట్లు ఒకదానినొకటి దాటని పొలానికి పది మూలలుంటే ఎనిమిది త్రిభుజాలు, నూరు మూలలుంటే తొంబది ఎనిమిది త్రిభుజాలు వస్తాయి. అంటే మూలల సంఖ్యకు రెండు తక్కువ. కంటితో చూచి త్రాడు లాగే మనిషికి ఇది తేలిక. కన్నులేని యంత్రానికి ఏ త్రాడు పొలం లోపల ఉన్నదో, ఏది గట్టు దాటి పోతున్నదో అడుగడుగునా లెక్క వేసి చెప్పాలి. మూలలు పెరిగిన కొలదీ శ్రమ ఎంత పెరుగుతుందన్నది అసలు సమస్య. మూలలు రెట్టింపయితే శ్రమ కూడా రెట్టింపుకు మించకుండా ఈ పని చేయవచ్చునని 1991లో బెర్నార్డ్ షజెల్ నిరూపించాడు.

ఇది చదువుల్లోనే ఉండిపోయే విద్య కాదు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో భూముల సమగ్ర రీసర్వే ప్రారంభమైనది. ఆకాశం నుండి డ్రోన్లు తీసిన చిత్రాలు, ఉపగ్రహాల సాయంతో గుర్తించిన హద్దుల స్థానాలు కంప్యూటర్లకు చేరాయి. మూలల స్థానాలు ఇచ్చిన తరువాత వైశాల్యం చెప్పడానికి యంత్రానికి రెప్పపాటు చాలును. కాని హద్దురాయి ఎక్కడ పాతాలో, ఏ గట్టు ఎవరిదో యంత్రం చెప్పలేదు. తప్పు మూల ఇస్తే తప్పు వైశాల్యమే వస్తుంది. అది ఎన్ని దశాంశ స్థానాల వరకు కచ్చితంగా కనిపించినా తప్పు తప్పే. త్రాడు పట్టిన కరణానికైనా, కంప్యూటర్ ముందు కూర్చున్న ఇంజనీరుకైనా ఆ బాధ్యత ఒక్కటే.

తెనాలిలోనో, రేపల్లెలోనో ఇంటర్మీడియట్ చదివి, ఆపైన బాపట్లలోనో మరొక చోటనో ఇంజనీరింగులో చేరే విద్యార్థికి గణన జ్యామితి పరాయి దేశపు విద్యగా తోచవచ్చును. దాని పరిభాష క్రొత్తదే. కాని దాని వెనుకనున్న ఆలోచన తన ఇంటికి కూతవేటు దూరంలో, తన భాషలో, ఎన్నడో పలికిన ఆలోచనకు బంధువు. మల్లన సంస్కృతంలో ఉన్న శాస్త్రాన్ని సంస్కృతం రానివాని ముంగిటికి తెచ్చాడు. తనకు తెలిసినది తన ఊరివారికి కూడా తెలియాలన్నదే ఆయన కోరిక. ఆంగ్లంలో ఉన్న నేటి శాస్త్రాన్ని ఆంగ్లం రాని రైతుకు అర్థమయ్యేటట్లు, అతని చేను కొలత అతడే సరిచూచుకొనేటట్లు చెప్పగలవారు నేడు కూడా కావాలి. అటువంటివారు ఈ తరగతి నుండి బయలుదేరితే పావులూరి మల్లనకు అంతకు మించిన స్మారకం లేదు.

అర్థాలు

విభుడు = అధిపతి
పరికర్మలు = కూడిక, తీసివేత, గుణకారం మొదలైన మూలప్రక్రియలు
త్రైరాశికం = తెలిసిన మూడు రాశుల నుండి నాలుగవదానిని కనుగొనే లెక్క
లబ్ధం = గుణించగా వచ్చిన ఫలితం
భూతసంఖ్య = అంకెకు బదులు వాడే సంకేతపదం
స్థూలం = ఉజ్జాయింపుగా వేసినది
సూక్ష్మం = నిశితమైనది
కర్ణం = ఎదురెదురు మూలలను కలిపే రేఖ
గంటం = తాటాకు మీద వ్రాసే ఇనుప కలం
వ్రాయసగాడు = లేఖకుడు

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మల్లన తన మూలగ్రంథాన్ని ఏ విధంగా మార్చుకొన్నాడు? ఆ మార్పుల వలన ఆయన లక్ష్యం ఎట్లు తెలుస్తున్నది?
2. క్షేత్రగణితానికీ గణన జ్యామితికీ గల సంబంధాన్ని పాఠం ఆధారంగా వివరించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు వ్రాయండి.
1. మల్లన కాలనిర్ణయంలో భేదాభిప్రాయాలు రావడానికి కారణమేమి?
2. భూతసంఖ్యా పద్ధతి అంటే ఏమి? ఛందస్సు సంఖ్యకు ఏ విధంగా కాపలా కాచినది?
3. నాలుగు భుజాలు తెలిసినా పొలం వైశాల్యం ఎందుకు నిశ్చయం కాదు?

ఇ) ఒక్క వాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. పావులూరు ప్రాచీనకాలంలో ఏ నాటిలో ఉండేది?
2. గణితసారసంగ్రహ కర్త ఎవరు?
3. నూరు మూలల పొలం ఎన్ని త్రిభుజాలుగా విడిపోతుంది?